ఫోనుతో పాటు తాళంచెవి కూడా ఇచ్చేశాను!

మొన్న సంక్రాంతి ముందు నా ఫోను చేతిలోంచి జారి డిస్‌ప్లే పగిలింది. మాది గుడివాడ దగ్గర పల్లెటూరు. ఎలాగూ బట్టలకి బెజవాడ వెళుతున్నాం కదా అని, బీసెంట్ రోడ్డు పక్క సందులో ఒక కొట్లో ఇచ్చాను. "లాక్ నంబరు చెప్పండి ఆంటీ, టచ్ పనిచేస్తోందో లేదో చూడాలి" అన్నాడు కుర్రాడు. చెప్పాను. చీటీ మీద ఆ నాలుగంకెలూ రాసి ఫోనుకి అంటించేశాడు.

సాయంత్రానికి ఫోను వచ్చింది. ఏమీ పోలేదు. కానీ రాత్రి అమెరికా నుంచి మా అమ్మాయి ఈ సంగతి విని "అమ్మా! బీరువా బాగుచేయడానికిచ్చి తాళంచెవి దానికే వదిలేసి వచ్చావా?" అని కేకలేసింది.

"నా మెయిలు పాస్‌వర్డు వాడికెలా తెలుస్తుందే? నాకే గుర్తులేదు!"

"నీకు లేకపోయినా ఫోనుకి గుర్తుందిగా!"

వీడియోలో చూపిస్తూ, సెట్టింగ్స్‌లో గూగుల్ పాస్‌వర్డ్ మేనేజర్ తెరిపించింది. లాక్ నంబరు అడిగింది. కొట్టాను. చెప్పొద్దూ, గుండె జారిపోయింది! మెయిలు, కరెంటు బిల్లు, రైలు టిక్కెట్లు... నేనెప్పుడో "సేవ్" అని నొక్కినవన్నీ వరసగా ఉన్నాయి. వేలిముద్ర పెట్టుకున్నాను కదా అనుకున్నాను. నంబరు తెలిసినవాడికి వేలితో పనేముంది?

అన్నిటికన్నా మెయిలే ముఖ్యమట. ఎక్కడైనా "పాస్‌వర్డు మర్చిపోయాను" అని నొక్కితే కొత్తది పెట్టుకునే లింకు వచ్చేది చాలావరకు అక్కడికే. నా మెయిల్లో పొలం పాస్‌బుక్కు కాపీ, ఆయన ఇన్సూరెన్సు, అమ్మాయి పాస్‌పోర్టు కూడా ఉన్నాయి మరి!

ఆ రాత్రే లాక్ నంబరు ఆరంకెలకు మార్చాను. మెయిలు పాస్‌వర్డు మార్చి, రెండంచెల తనిఖీ పెట్టాం. ఓటీపీలు లాక్ స్క్రీను మీద కనపడకుండా చేశాం. లేకపోతే ఫోను తెరవకుండానే ఎవరైనా చదివేస్తారు. ఫోను పోతే మెయిలు తెరవడానికని గూగుల్ పది బ్యాకప్ కోడ్‌లు ఇస్తుంది. అవి కాగితం మీద రాసి బీరువాలో చీరల కింద పెట్టాను. ఫోనులోనే ఫోటో తీసి దాచుకుంటే లాభంలేదు కదండీ!

రిపేరుకిచ్చేటప్పుడు మన సొంత విషయాలు కనపడకుండా శామ్‌సంగ్ 2022లో "మెయింటెనెన్స్ మోడ్" తెచ్చింది. గూగుల్ పిక్సెల్ ఫోన్లకు 2023లో "రిపేర్ మోడ్" వచ్చింది. అలాంటిది మీ ఫోనులో లేకపోతే, ఇచ్చేముందు మెయిలు అకౌంటు ఫోనులోంచి తీసేయండి. ఇంటికొచ్చాక మళ్ళీ పెట్టుకోవచ్చు. అయితే పాస్‌వర్డు తెలిసుండాలి సుమా! ఫోనే పోతే ఇంకొకరి ఫోనులోంచి "ఫైండ్ హబ్"లోకి వెళ్ళి తాళం వేయొచ్చు. సంచార్ సాథీలో ఫోనును బ్లాక్ చేయించొచ్చు. మోసంతో డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయాలి.

ఇంత జరిగినా మా ఆయన నంబరు ఇంకా మా పెళ్ళినాటి సంవత్సరమే. మారిస్తే మర్చిపోతారట! ఇది అచ్చయ్యాక అయినా మార్చక తప్పదేమో.