పాత ఆటకు కొత్త మెరుగు: స్కైరిమ్‌కు మాడ్ల ఎంపిక

అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రమునకు చెందిన బెథెస్డా గేమ్ స్టూడియోస్ తయారు చేసిన ‘ది ఎల్డర్ స్క్రోల్స్ 5: స్కైరిమ్’ అను కంప్యూటరు ఆట 2011 నవంబరు 11న విడుదలైనది. మంచుకొండలు, డ్రాగన్లు, మంత్రవిద్యలు గల ఒక కల్పిత దేశములో ఆటగాడు తనకు నచ్చిన దిక్కునకు పోవచ్చును. ముందు ఈ పని, తరువాత ఆ పని అను నిర్బంధము లేదు. ఇట్టి వాటిని ‘ఓపెన్ వరల్డ్’ ఆటలందురు. సాధారణముగా కంప్యూటరు ఆటలు కొద్ది ఏండ్లలోనే మరుగున పడిపోవును. స్కైరిమ్‌ను మాత్రము నేటికిని ఆడుచున్నారు. ఆటగాళ్లు దానిని తమకు తాముగా మార్చుకొనగలుగుటయే ఇందుకు ముఖ్య కారణము. 2012 ఫిబ్రవరిలో ఆ సంస్థ ‘క్రియేషన్ కిట్’ అను సాధనమును ఆటగాళ్లకు ఉచితముగా ఇచ్చినది. ఆటకు ఆటగాళ్లు చేర్చు ఇట్టి మార్పులకే ‘మాడ్’లని పేరు.

ఇప్పుడు లభించు మాడ్లు వేలకొలది. నచ్చిన వాటినన్నిటిని ఒక్కసారి తెచ్చి నింపినచో ఆట మధ్యలో తనంత తానే మూసుకొనిపోవుట, నూరు గంటలు ఆడి దాచుకొన్న ఆట మరల తెరచుకొనకపోవుట సంభవించును. ఒక్కొక్క మాడ్ విడిగా ఎంత మంచిదైనను ఈ గతి పట్టవచ్చును. కారణము తెలియవలెనన్న ఆట లోపలి లెక్కల పద్ధతిని కొంచెము చూడవలెను.

ఒక కత్తి, ఇద్దరు సవరించువారు

ఆటలోని ప్రతి వస్తువునకు, మనిషికి, ఊరికి ఒక నమోదు ఉండును. ఇనుప కత్తి నమోదులో దెబ్బ 7, బరువు 9, వెల 25 అని ఉన్నది. ఒక మాడ్ కత్తి బరువును 5కు తగ్గించినదనుకొందము. వేరొక మాడ్ దెబ్బను 10కి పెంచినది. రెండింటిని చేర్చినవాడు దెబ్బ 10, బరువు 5 గల కత్తి దొరకునని ఆశించును. కాని అట్లు జరుగదు. మాడ్ ఒక అంకెను మాత్రమే మార్చినను, నమోదు మొత్తమును తనలో నకలు చేసికొని ఉంచుకొనును. రెండవ మాడ్‌లోని నకలులో బరువు పాత 9గానే ఉన్నది. ఆట ఫైళ్లను వరుసగా చదువుచు, ఒకే నమోదు రెండుచోట్ల కనబడినచో చివర చదివినదానినే స్వీకరించును. కనుక దెబ్బ 10, బరువు 9 గల కత్తియే చేతికి వచ్చును. మొదటి మాడ్ చేసిన పని ఏ హెచ్చరికయు లేకుండ మాయమైనది.

కత్తి విషయములో నష్టము స్వల్పమే. ఒక ఊరిని ఇద్దరు సవరించినపుడు, ఒకరు నిలిపిన గోడలో నుండి మరొకరు నాటిన చెట్టు పొడుచుకొని వచ్చును. ఈ వరుసను సరిచేయుటకు ‘లూట్’ అను ఉచిత సాధనము కలదు. అది ఏ మాడ్ ముందు, ఏది వెనుక అని నిర్ణయించును గాని రెండు నమోదులను కలిపి ఒకటిగా చేయజాలదు. దెబ్బ 10, బరువు 5 గల మూడవ నమోదును చిన్న ఫైలుగా వ్రాసి అన్నిటికంటె చివర ఉంచవలెను. దీనిని ‘ప్యాచ్’ అందురు. ‘ఎక్స్‌ఎడిట్’ అను సాధనము ఏ నమోదు వద్ద ఎవరెవరికి తగవున్నదో పక్కపక్క గళ్లలో చూపును. అందువలన ఒక మాడ్‌ను ఎంచునపుడు బొమ్మలు చూచి మురియుటకంటె, తక్కిన మాడ్లతో దానికి ప్యాచ్‌లు ఉన్నవా అని ముందుగా విచారించుట మేలు.

రెండు అంకెలలో ఎన్ని ఫైళ్లు?

మాడ్ల సంఖ్యకు కూడ ఒక హద్దు కలదు. అది పదహారు మూలముగా గల సంఖ్యామానము నుండి వచ్చినది; తరగతిలో చెప్పుటకు చక్కని ఉదాహరణము. ప్రతి నమోదుకు ఎనిమిది స్థానముల సంఖ్య ఉండును. ఒక్కొక్క స్థానములో 0 నుండి 9 వరకు అంకెలు, ఆపైన ఏ, బి, సి, డి, ఈ, ఎఫ్ అక్షరములు వచ్చును. మొదటి రెండు స్థానములు నమోదు ఏ ఫైలుదో తెలుపును. మిగిలిన ఆరు ఆ ఫైలులో దాని వరుస సంఖ్య. సర్వే నంబరుకు ముందు గ్రామ సంఖ్య వ్రాసినట్లే ఇది. రెండు స్థానములలో 16 × 16 = 256 సంఖ్యలే ఇముడును. చివరిదైన ఎఫ్‌ఎఫ్‌ను ఆట జరుగుచుండగా పుట్టు వస్తువులకు అట్టిపెట్టినారు. మిగిలినవి 255. అందులో మొదటి ఐదు అసలు ఆటకు, దాని అనుబంధములకు పోవును.

2016 అక్టోబరులో వచ్చిన ‘స్పెషల్ ఎడిషన్’కు తరువాత ఒక ఉపాయము చేర్చబడినది. ఎఫ్‌ఈ అను ఒక్క సంఖ్యను చిన్న ఫైళ్లన్నిటికి ఉమ్మడిగా ఇచ్చి, తరువాతి మూడు స్థానములను ఫైలు గుర్తుగా వాడిరి. 16 × 16 × 16 = 4,096 చిన్న ఫైళ్లు ఒకే గదిలో సర్దుకొన్నవి! అయితే ఫైలులోని నమోదులకు మిగిలినవి మూడు స్థానములే గనుక పెద్ద మాడ్లకు ఈ సదుపాయము పనికిరాదు.

స్పెషల్ ఎడిషన్‌కు మరొక గుణము కలదు. 2011 నాటి ఆట 32 బిట్ల కార్యక్రమము. ఎంత జ్ఞాపకశక్తి గల కంప్యూటరులోనైనను అది 4 గిగాబైట్లకు మించి వాడుకొనలేదు. స్పెషల్ ఎడిషన్ 64 బిట్లది. కొత్తగా మాడ్లు చేర్చుకొనువారు దీనినే ఎంచుకొనుట ఉచితము.

కంటికి కనబడని అందము

ఎక్కువమంది మొదట కోరునది బొమ్మల మెరుగు. రాళ్లమీద, గోడలమీద పరచు చిత్రములను టెక్స్చర్లందురు. వాడుకలోనున్న ఒక కుదింపు పద్ధతిలో చుక్కకు ఒక బైటు పట్టును. ప్రక్కకు 1,024 చుక్కలున్న చదరపు చిత్రమునకు 1 మెగాబైటు, 2,048 ఉన్నదానికి 4, 4,096 ఉన్నదానికి 16 మెగాబైట్లు కావలెను. భుజము రెట్టింపైనపుడు వైశాల్యము నాలుగు రెట్లగును గదా! దూరమున చూపుటకు ఉంచు చిన్న నకళ్లకు ఇంకను మూడవ వంతు కలుపవలెను.

ఇక తెరను చూడుడు. 1,920 × 1,080 చుక్కల తెరలో మొత్తము సుమారు 20 లక్షల 74 వేల చుక్కలున్నవి. 4,096 చుక్కల చదరములో 1 కోటి 67 లక్షలకు పైగా ఉన్నవి. అనగా తెరకు ఎనిమిది రెట్లు. బల్లమీది చిన్న గిన్నెకు ఇంత చిత్రము తొడుగుట వృథా. తెరలో ఆ గిన్నె ఆక్రమించు చోటు బొటనవ్రేలంత. కొండబండలకు, కాలి క్రింది బాటకు పెద్ద చిత్రములు తగును. సామాన్లకు 1,024 చాలును.

కొందరు తెరమీద సెకనుకు 60కి మించి చిత్రములు కదలవలెనని పట్టుదల పూనుదురు. ఈ ఆటలో వస్తువులు పడుట, దొర్లుట అను లెక్క ఆ 60కే ముడిపడియున్నది. హద్దు దాటినచో గిన్నెలు బల్లలమీదినుండి ఎగిరిపడును. దానికి వేరుగా సవరణ చేర్చుకొనవలెను.

ఏది ముందు?

మొదట ‘అనఫిషియల్ ప్యాచ్’ను చేర్చుట వాడుక. సంస్థ దిద్దక వదలిన వందలాది లోపములను ఆటగాళ్లే అందులో దిద్దియున్నారు. తరువాత జాబితాలను చదువుటకు సులభముగా మార్చు ‘స్కైయుఐ’. దీనికి ‘స్క్రిప్ట్ ఎక్స్‌టెండర్’ అను సహాయ కార్యక్రమము కావలెను. అది ఆట యొక్క ఏ కూర్పునకు చేసినారో దానితోనే పనిచేయును. 2021 నవంబరులో ఆట కొత్త కూర్పునకు మారినపుడు, దీనిపై ఆధారపడిన మాడ్లు అనేకము తిరిగి తయారగువరకు పనిచేయక ఆగిపోయినవి. ఆటను తనంత తాను మారనీయక ఆపియుంచుట అందుకే అవసరము.

ఆపైన వాతావరణమునకు ఒకటి, వెలుతురునకు ఒకటి, ప్రతి ఊరికి ఒక్కటి చొప్పున ఎంచుకొనవచ్చును. కొత్త కథలు చివర. మాడ్లను ‘మాడ్ ఆర్గనైజర్’ వంటి సాధనముతో చేర్చినచో ఒక్కొక్కదాని ఫైళ్లు విడివిడిగా ఉండి, అసలు ఆట చెడకుండ ఉండును.

నాలుగైదు చేర్చినప్పుడెల్లను ఆడి చూడవలెను. 40 ఒకేసారి చేర్చి ఆట చెడినచో సగము తీసి చూచుట తేలిక మార్గము. దోషమున్న సగమును మరల సగము చేయుచుపోయినచో 40, 20, 10, 5, 3, 2 అని తగ్గి ఆరు పరీక్షలలోపుననే దొంగ పట్టుబడును. ఒక మాడ్ మరొకదానిపై ఆధారపడియున్నచో ఆ రెండింటిని కలిపియే తీయవలెను. రెండు మాడ్ల తగవువలన దోషము పుట్టినపుడు ఈ పద్ధతి సూటిగా పనిచేయదు. అప్పుడు ఎక్స్‌ఎడిట్‌యే శరణ్యము.

ఈ పరీక్షలన్నియు ఆట నిజముగా మొదలుపెట్టకముందే జరుగవలెను. కొన్ని మాడ్లు తమ ఆజ్ఞలను ఆట సాగుచుండగా నడుపుచుండును. ఆటను దాచినపుడు సగములో నున్న ఆ ఆజ్ఞలు కూడ దాచిన ఫైలులోనికి చేరును. తరువాత మాడ్‌ను తీసివేసినను అవి అందులోనే మిగిలి, లేని ఫైలు కొరకు వెదకుచుండును. చిత్రములు మాత్రమే మార్చు మాడ్‌ను ఎప్పుడైనను తీయవచ్చును. ఆజ్ఞలు గల మాడ్‌ను తీయవలసివచ్చినపుడు, అది చేర్చుటకు ముందు దాచిన ఆటకు వెనుకకు పోవుట ఒక్కటే నమ్మదగిన దారి.