పేటికాచిత్రము: ఒక గణితసాధనపు జీవితకథ

సగటు ఒక్కటియే యైనను, ఒక సంఖ్యాసముదాయమునందలి విలువలు నడుమ గుమిగూడియుండుటయు, వేరొకదానియందలివి దూరదూరములకు చెదరియుండుటయు కలదు. సగటు మ్రింగివేయు నీ భేదమును కంటికి కట్టించుటకై పుట్టినది పేటికాచిత్రము.

1952లో వెలువడిన తన గ్రంథమున అమెరికా దేశస్థురాలైన మేరీ ఎలినార్ స్పియర్, కనిష్ఠమునుండి గరిష్ఠమువరకు సన్నని గీతను సాగదీసి, నడిమి సగము విలువలు వ్యాపించినంతమేర దానిని పేటికవలె వెడల్పుచేసి, అందు మధ్యగతమును గుర్తించెను. రసాయనశాస్త్రమునుండి గణితమునకు వచ్చి ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయమునను బెల్ ప్రయోగశాలలయందును పనిచేసిన జాన్ టూకీ, 1970 ప్రాంతమున దీనికి నూతనరూపమొసంగి, 1977 నాటి తన గ్రంథముచే లోకప్రసిద్ధము గావించెను. స్పియర్ పేరు నేటికిని అరుదుగా వినబడుట న్యాయము కాదు.

టూకీ చేసిన మార్పు చిన్నదివలె తోచును గాని చాల లోతైనది. పేటిక పొడవునకు ఒకటిన్నర రెట్ల దూరమున ఇరుదెసల కంచెలు కల్పించి, వానిలోపలి కడపటి విలువలవరకే పేటికకు ఇరువైపుల గీతలను, అనగా మీసములను, సాగనిచ్చి, కంచె దాటినవానిని విడివిడి చుక్కలుగా ఆయన నిలిపెను. ఆ చుక్కలు త్రోసివేయదగినవి కావు, కారణము విచారింపదగినవి.

ఉదాహరణకు, 1879లో ఆల్బర్ట్ మైకెల్‌సన్ అనాపొలిస్ నౌకావిద్యాలయమున కాంతివేగమును కొలిచి సాధించిన నూరు ఫలితములను, ఇరువదేసి చొప్పున ఐదు వరుసలుగా విభజించి, ప్రక్కప్రక్కన పేటికలు గీచి చూడుడు. గరిష్ఠకనిష్ఠముల భేదము మొదటి వరుసకు సెకనుకు 420 కిలోమీటర్లు, మూడవదానికి 350; ఇంతమాత్రము చూచినవారికి రెండును ఇంచుమించు సమానముగా చెదరినట్లే తోచును. కాని మొదటి పేటిక పొడవు 130, మూడవదానిది 40 మాత్రమే! మొదటిదానియందు 2,99,650 అను ఒక్క విలువయే కంచె దాటగా, మూడవదానియందు ఐదు విలువలు దాటినవి. అనగా మూడవ వరుసలో పెక్కు కొలతలు ఎంతో నిలుకడగా వచ్చినను, కొన్ని మాత్రము ఏదో కారణమున మిక్కిలి తొలగిపోయినవి. ఐదవ వరుస పేటిక పొడవు 65. చుక్క ఒక్కటియు లేదు.

అయినను పేటిక చూపునది చెదరుటయే గాని సత్యము కాదు. శూన్యమున కాంతివేగము సెకనుకు సుమారు 2,99,792 కిలోమీటర్లు, గాలిలో అంతకన్న కొంచెము తక్కువ. మైకెల్‌సన్ గాలిలో కొలిచిన ఐదు వరుసల మధ్యగతములును 2,99,800కు పైననే యున్నవి.