కొఱతకాలపు కూలి: బ్రిటనులో వేతనములు, ధరలు, మనవారు

పనివారు దొరకుట లేదని యజమానులును, చేసిన పనికి తగిన జీతము రాలేదని పనివారును, నిన్నటి ధరకు నేడు వస్తువు రాలేదని ఇరువురును ఒకే కాలమున మొఱపెట్టుకొనుట పైకి పరస్పరవిరుద్ధముగా తోచును. పనివారు అరుదైనప్పుడు వారి జీతము పెరుగవలెను గదా, జీతము పెరిగినవారికి ధరల బాధ యేల యుండవలెనను సందేహము ఎవరికైనను కలుగును. కాని 2021 మొదలుకొని బ్రిటను దేశమున కాపురమున్న తెలుగువారు ఈ మూడు మొఱలను ఒక్కసారిగానే వినిరి. వినుటయే కాదు, మనలో కొందఱు యజమానులై, పెక్కురు ఉద్యోగులై, అందఱును కొనుగోలుదారులై వానిని తామే పలికిరి. వీని మూడింటికిని గల సంబంధమెట్టిదో, ఆ భారము మనవారిలో ఎవరిపై అధికముగా పడినదో విచారించుటకే ఈ వ్యాసము.

ఈ దేశమునకు ఈ సమస్య క్రొత్తది కాదు. 1348లో ఇంగ్లండున ప్రవేశించిన మహామారి జనులలో మూడవవంతునకు తక్కువకాని భాగమును హరింపగా, పంట కోయుటకు మనుష్యులు లేక తల్లడిల్లిన భూస్వాములును, అధికమైన కూలి అడుగుటకు తొలిసారిగా ధైర్యము వచ్చిన కూలివారును ఎదురెదురుగా నిలిచిరి. మూడవ ఎడ్వర్డు ప్రభుత్వము 1349లో రాజశాసనమును, 1351లో పార్లమెంటు చట్టమును చేసి, మహామారికి పూర్వమున్న కూలికే ఎల్లరును పనిచేయవలెనని నిర్బంధించెను. చట్టమెంత కఠినమైనను కూలి పెరుగుట ఆగలేదు. ఏలయన, ఆ చట్టమును కోరిన భూస్వాములలోనే పలువురు చాటుగా ఎక్కువ కూలి యిచ్చి పొరుగు పొలమువాని కూలివారిని తమ పొలమునకు రప్పించుకొనిరి. ఆ నిర్బంధమువలన రగిలిన ఆగ్రహము 1381 నాటి రైతుల తిరుగుబాటునకు గల కారణములలో నొకటి. కూలివాడు చట్టమును కాదని యొక పొలమునుండి మఱియొక పొలమునకు పోగలిగెను గనుకనే అతని కూలి పెరిగెను. ఈ యొక్క విషయమును పాఠకులు మనసున నుంచుకొనవలెనని కోరుచున్నాను. ముందు దీనితో పని కలదు.

ఇటీవలి కాలమునకు వచ్చినచో, నిరుద్యోగము తగ్గిన యేండ్లలో వేతనములు వేగముగా పెరుగునని 1861 నుండి 1957 వరకు గల బ్రిటిషు లెక్కలను శోధించి లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కు చెందిన ఎ. డబ్ల్యు. ఫిలిప్స్ 1958లో ప్రకటించెను. 1970 దశకములో నిరుద్యోగమును ధరలును కలిసియే పెరిగి ఆ సూత్రమునకు భంగము కలిగించెను. 1975లో ధరల పెరుగుదల నూటికి 24 దాటెను. జీతముల పెంపు 5 శాతమునకు మించరాదని ప్రధాని కాలహన్ ప్రభుత్వము విధించిన హద్దును ధిక్కరించి 1978–79 శీతకాలమున కార్మికులు సమ్మెలు సాగించిరి. ఆ మరుసటి మే నెలలో జరిగిన ఎన్నికలలో ఆ ప్రభుత్వమే ఓడెను. నాటినుండి ఈ దేశపు పాలకులకు వేతనము పెరిగిన ధర పెరుగును, ధర పెరిగిన వేతనము పెరుగునను భయము వదలలేదు.

2021లో జరిగినదేమి? ఐరోపా సమాఖ్యతో స్వేచ్ఛగా సాగిన రాకపోకలు 2020 డిసెంబరుతో ముగిసెను. కోవిడ్ కాలమున స్వదేశములకు మరలిన తూర్పు ఐరోపావారిలో అనేకులు తిరిగి రాలేదు. పనిచేయు వయస్సున్న స్థానికులలోను దీర్ఘవ్యాధులవలన పని మానినవారు పెరిగిరి. లారీ డ్రైవర్లు లక్షమంది తక్కువగా నున్నారని రవాణాదారుల సంఘము అంచనా వేసిన ఆ సెప్టెంబరులో పెట్రోలు బంకుల యెదుట కార్లు బారులు తీరుట మనలో పెక్కురకు జ్ఞాపకముండును. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయినుపై రష్యా దండెత్తగా గ్యాసు, గోధుమ, పొద్దుతిరుగుడు నూనె ధరలు ఒక్కమాఱు పైకెగసెను. ఆ యేటి అక్టోబరునకు ధరల పెరుగుదల 11.1 శాతమునకు చేరెను; అంతటి పెరుగుదల ఈ దేశము అంతకుముందు నలువదియేండ్లలో చూడలేదు. 2023 మార్చిలో ఆహారపదార్థముల పెరుగుదల 19 శాతము దాటెను. అది చాలదన్నట్లు ఆ జూలైలో భారత ప్రభుత్వము బాస్మతి కాని తెల్లబియ్యపు ఎగుమతిని నిషేధించుటచే, లేనిదే మన యిండ్లలో దినము గడవని సోనామసూరి బియ్యపు బస్తా వెలయు పెరిగెను. ఆ నిషేధము 2024 సెప్టెంబరులో గాని తొలగలేదు. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండు తన వడ్డీరేటును 0.1 శాతమునుండి పదునాలుగుమాఱులు వరుసగా పెంచి 2023 ఆగస్టునకు 5.25 శాతమునకు చేర్చుటతో ఇల్లు కొన్నవారి నెలవారీ వాయిదాలును భారమయ్యెను.

2022 వసంతమున ఖాళీగానున్న ఉద్యోగములు 13 లక్షలు. లెక్కలు మొదలుపెట్టిన తరువాత నిరుద్యోగులకంటె ఖాళీలు ఎక్కువగుట 2022లోనే ప్రథమము. వేతనములును పెరిగినమాట నిజమే. 2023 వేసవిలో సాధారణ వేతనములు ఏటికి 7.8 శాతము చొప్పున పెరిగినవి. కాని ధరలును ఇంచుమించు అదే వేగమున పెరుగుచుండుటచే చేతికి మిగిలినది శూన్యము. ఆదాయపు పన్ను లేని మొత్తమును 2021 నుండి 12,570 పౌండ్లయొద్దనే నిలిపివేయుటచే పెరిగిన జీతములో కొంత పన్నుగా పోయెను. ఇట్టి స్థితిలో, జీతపు పెంపు కోరువారు సంయమనము పాటింపవలెనని 2022 ఆరంభమున బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండు గవర్నరు ఆండ్రూ బెయిలీ పలికినపుడు సామాన్యులకు మనసు నొచ్చుట సహజము. ఆ యేడు ఇంగ్లండులోని నర్సులలో పెక్కురకు దొరికిన పెంపు ఏటికి 1,400 పౌండ్లు. 1916లో స్థాపితమైన రాయల్ కాలేజ్ ఆఫ్ నర్సింగ్ సభ్యులు ఆ డిసెంబరులో పని నిలిపిరి. ఇంగ్లండులో వారు సమ్మెకు దిగుట అదియే మొదలు. వారికి వెనుక బలమైన సంఘముండెను, ప్రజల అభిమానముండెను, ఉద్యోగము మానినను దేశము విడువనక్కఱలేని స్వాతంత్ర్యము వారిలో ఎక్కువమందికి ఉండెను. ఈ మూడును లేనివారి సంగతి వేఱు.

వృద్ధులకు, రోగులకు ఇండ్లయందును వృద్ధాశ్రమములందును సేవచేయు కేర్ వర్కర్లు మొదలగువారి ఉద్యోగములు ఇంగ్లండులో 2021–22 నాటికి లక్షా అరువదివేలకు పైగా ఖాళీగా నుండెను. ప్రభుత్వము 2022 ఫిబ్రవరిలో కేర్ వర్కరు పనిని కొఱతవృత్తుల పట్టికలో చేర్చి విదేశీయులకు వీసా ద్వారము తెఱచెను. కేరళనుండి, నైజీరియానుండి, జింబాబ్వేనుండి వచ్చినట్లే మన తెలుగు జిల్లాలనుండియు నర్సింగు చదివినవారు, డిగ్రీలు చదివి ఆ పని ఎన్నడును ఎఱుగనివారు సైతము వచ్చిరి. స్పాన్సర్‌షిప్ ఇప్పింతుమని కన్సల్టెన్సీలు లక్షలాది రూపాయలు గుంజగా, పొలము తాకట్టుపెట్టి, బంగారము కుదువపెట్టి విమానమెక్కినవారున్నారు. పని చూపుటకు పనివానియొద్ద రుసుము గ్రహించుటను ఈ దేశపు 1973 నాటి చట్టము నిషేధించుచున్నను, ఆ మాట మన ఊళ్లలో చెప్పువారు లేరైరి.

వారి జీతపు లెక్కను ఒకసారి దగ్గఱగా చూతము. 2024లో ఒక యింటింటి కేర్ వర్కరునకు గంటకు 12 పౌండ్లు ఇత్తుమని చెప్పినారనుకొందము. నాటి చట్టబద్ధమైన కనీసవేతనము 11.44 పౌండ్లు గనుక ఇది న్యాయముగానే కనబడును. ఉదయము ఏడింటికి మొదటి విజిట్టు, రాత్రి తొమ్మిదింటికి చివరి విజిట్టు. నడుమ అరగంట యొక యింట, ముప్పావుగంట మఱియొక యింట. స్నానము చేయించి, మందులు వేసి, తిండి తినిపించి గడిపిన కాలము ఎనిమిది గంటలు. ఒక యింటినుండి మఱియొక యింటికి కారు నడుపుటకు పట్టిన కాలము రెండు గంటలు. యజమాని ఎనిమిది గంటలకే లెక్కకట్టి 96 పౌండ్లు ఇచ్చును. విజిట్టుకు విజిట్టుకు నడుమ ప్రయాణముచేయు కాలమును పనికాలమే యని చట్టము చెప్పుచున్నది. కావున పది గంటలకు 96 పౌండ్లు, అనగా గంటకు 9.60 పౌండ్లు. నెల పొడవునను ఇట్లే సాగినచో కనీసవేతనము ఇచ్చినట్లు పేస్లిప్పుపై కనబడుచునే ఈయకపోవుట జరిగినదన్నమాట. పెట్రోలు ఖర్చు దీనికి తోడు. మైలుకు 45 పెన్నీల వరకు పన్నులేకుండ ఈయవచ్చునని 2011లో ఏర్పడిన రేటు, 2022 జూలైలో లీటరు పెట్రోలు 190 పెన్నీలు దాటిన నాడును మాఱలేదు. ఆ 45 పెన్నీలైనను పూర్తిగా ఇచ్చిన యజమానులు ఎందఱు?

లక్షకుపైగా ఖాళీలున్నచోట ఈ కేర్ వర్కర్లు మంచి జీతమిచ్చు మఱియొకరియొద్దకు ఏల పోరాదు? ఇచ్చటనే 1349 నాటి కూలివానికిని వీరికిని గల భేదము తెలియును. వీసా యజమాని పేరుతో ముడివడియున్నది. వేఱొక యజమాని స్పాన్సరు చేసిననే తప్ప కదలుటకు వీలులేదు. పని పోయినచో సాధారణముగా అరువది దినములలో మఱియొక స్పాన్సరును వెదకుకొనవలెను, లేదా దేశము విడువవలెను. కొఱత యెంత యున్నను, ఆ కొఱతవలన కలుగవలసిన బేరమాడు శక్తి వీరికి దక్కలేదు. 2022 జూలైనుండి 2024 డిసెంబరు వరకు కేర్ రంగమున 470కి మించిన సంస్థల లైసెన్సులను ప్రభుత్వము రద్దుచేసినది. న్యాయమైన చర్యయే గాని, దాని ఫలితముగా నష్టపోయినది తప్పుచేసిన యజమానికంటె ముందు ఏ తప్పును చేయని పనివారు. 2024 మార్చినుండి క్రొత్తగా వచ్చువారు భార్యాభర్తలను, పిల్లలను వెంట తెచ్చుకొనరాదనిరి. 2025 జూలైలో విదేశములనుండి కేర్ వర్కర్లను నియమించు ద్వారమునే మూసిరి.

యజమానులందఱును దుర్మార్గులని నా భావము కాదు. వారి పక్షమున చెప్పవలసినది చాల కలదు. ఇంటింటి సేవకు ధర నిర్ణయించునది ఎక్కువచోట్ల స్థానిక కౌన్సిలు. ఆ ధరలో జీతము, సెలవుల జీతము, పింఛను, భీమా, ప్రయాణము అన్నియు ఇమడవలెను. కౌన్సిళ్లయొద్ద సొమ్ము లేదు. అట్లే మనవారు నడుపు భోజనశాలలను చూడుడు. ఇండ్లకు గ్యాసు, విద్యుత్తు ధరలపై పరిమితి యుండెను గాని 2022 వేసవిలో దుకాణములకు అదియు లేదు. నూనె డబ్బాలు మనిషికి ఇన్నియేయని పెద్ద అంగళ్లు లెక్కపెట్టి అమ్మిన వసంతమున, దోసె వేయువాడు, పులుసు కాచువాడు నూనె లేక ఏమి చేయగలడు? కోవిడ్ కాలమున తగ్గించిన వ్యాటును 2022 ఏప్రిలులో మరల 20 శాతము చేసిరి. 2025 ఏప్రిలులో కనీసవేతనము 12.21 పౌండ్లకు పెరిగి, యజమాని చెల్లించు నేషనల్ ఇన్సూరెన్సు 13.8 నుండి 15 శాతమై, అది మొదలగు జీతపు హద్దు 9,100 నుండి 5,000 పౌండ్లకు దిగగా, వారమునకు నలువది గంటలు పనిచేయు ఒక్కొక్కనిపై ఏటికి సుమారు 2,600 పౌండ్ల అదనపు వ్యయము పడెను. చిన్న సంస్థలకు కొంత మినహాయింపు లభించుటచే నలుగురైదుగురిని పెట్టుకొన్నవారికి ఉపశమనము కలిగిన మాట వాస్తవమే. కాని వంటవాడు దొరకుట మాత్రము కష్టసాధ్యమైనది. విదేశీ నిపుణునకు ఈయవలసిన సాధారణ కనీసజీతము 26,200 పౌండ్లనుండి 2024 ఏప్రిలులో 38,700కును, 2025 జూలైలో 41,700కును పెరిగెను. ఆ జూలైనుండి వంటవృత్తికి విదేశమునుండి క్రొత్త స్పాన్సర్‌షిప్ కూడ లేకపోయెను. పెసరట్టు పలుచగా పోసి అంచు విఱుగకుండ తీయుట, ఆవకాయకు నూనెపాలు నిర్ణయించుట చేతివాటముతో వచ్చు విద్య; ఆరు నెలల శిక్షణలో అది అబ్బదు. దానిని ఇచ్చటి మన పిల్లలకు నేర్పు ప్రయత్నము ఒక్కరైనను చేయక, ప్రతిసారియు విజయవాడ వైపే చూచుట మన యజమానుల లోపమని చెప్పక తప్పదు.

ఈ జీతపు హద్దుల పెంపు మాస్టర్సు చదువవచ్చిన మన విద్యార్థులను మఱింత కలవరపెట్టినది. దానికి తోడు, 2022లో సాఫ్ట్‌వేరు తెలిసినవారు చాలరని పిలిచిన సంస్థలే, వడ్డీరేట్లు పెరిగిన మరుసటి యేడాది నియామకములు ఆపివేసెను. చదువు మాఱలేదు, నైపుణ్యము మాఱలేదు. అరుదైనవాడు అనవసరమైనవాడుగా మాఱుటకు ఒక సంవత్సరము చాలెను. కాబట్టి నైపుణ్యపు కొఱత యనునది ఎల్లప్పుడును మనుష్యుల కొఱత కాదనియు, అనేక పర్యాయములు ఈయదలచిన జీతమునకు వచ్చు మనుష్యుల కొఱత మాత్రమే యనియు నేను నమ్ముచున్నాను. ధరల భారము ఎగువనుండి దిగువకు దొరలుచు వచ్చి, పోవుటకు వేఱుచోటు లేని మనిషియొద్ద ఆగిపోవుచున్నది. మనలో ఆ మనిషి, స్పాన్సరు వీసాపై వచ్చి అప్పు తీరని కేర్ వర్కరు.

మన తెలుగు సంఘమునకు నా విన్నపము చిన్నది. ఉగాది, దసరా సభలలో ఒక మూల ఒక బల్ల వేయించి, ఉద్యోగచట్టము తెలిసిన ఇరువురు సభ్యులను కూర్చుండబెట్టి, వచ్చినవారి పేస్లిప్పులను, రోటాలను ప్రక్కప్రక్కన పెట్టి చదివి, ప్రయాణకాలము లెక్కలోనికి వచ్చినదో లేదో చెప్పవలెను. ఉచితముగా సలహా యిచ్చు ఏకాస్ సంస్థ ఫోనును, కనీసవేతనముపై ఫిర్యాదు చేయు మార్గమును తెలుపవలెను. 2024 డిసెంబరు 31 మొదలుకొని జారీయైన స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్ల రుసుమును పనివానినుండి రాబట్టుట నిషిద్ధమని తెలుగులో అచ్చువేసి పంచవలెను. ఆ బల్లయొద్దకు తమ లెక్కలతో మొట్టమొదట రావలసినవారు మన సభ్యులలోని యజమానులేయని సవినయముగా మనవి చేయుచున్నాను.