చెరువే రన్‌వే!

థర్మాకోల్ అట్టలు, బ్లేడు, జిగురు, అరచేతిలో పట్టే చిన్న మోటారు... వీటితో ఇంట్లోనే ఓ విమానం తయారుచేయొచ్చు. అది లేచేది నేలమీద నుంచి కాదు, నీళ్లమీద నుంచి. వాలేదీ నీళ్లమీదే. చెరువులకు పేరుపడ్డ చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో ఈ సరదాకు రన్‌వే కరవు లేదు. కావలసిందల్లా కాస్త ఓపిక, అంతకు రెండింతల జాగ్రత్త!

2024 నవంబరు 9న విజయవాడ పున్నమి ఘాట్ దగ్గర కృష్ణమ్మ నీళ్లను చీల్చుకుంటూ ఓ విమానం గాల్లోకి లేచింది. ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు అందులోనే శ్రీశైలం వెళ్లారు. అది డీ హావిలాండ్ కెనడా సంస్థ తయారుచేసిన ట్విన్ ఆటర్. చక్రాలతో పాటు పడవల్లాంటి తేలుడు తొట్లూ ఉంటాయి దానికి. టీవీలో ఆ దృశ్యం చూసి ‘నాన్నా, మనమూ ఇలాంటిది చేద్దామా?’ అని పిల్లలు అడిగితే నవ్వి ఊరుకోనక్కర్లేదు. రిమోట్‌తో నడిచే బుల్లి నీటి విమానాన్ని సెలవుల్లో తండ్రీ పిల్లలూ కలిసి చేసుకోవచ్చు.

నిజానికి నీటి విమానం పుట్టిందే ఇలాంటి సొంత ప్రయత్నంలోంచి. 1910 మార్చి 28న ఫ్రాన్స్‌లో మార్టీగ్ ఊరి దగ్గరి బెర్ సరస్సుమీద నుంచి ఆన్రీ ఫాబ్ర్ అనే ఇంజినీరు తను తయారుచేసిన విమానంలో పైకి లేచాడు. అప్పటికి ఆయన వయసు 27. అంతకుముందు ఎప్పుడూ విమానం నడిపి ఎరగడు! పడితే నీళ్లే కదా అన్న భరోసా ఒకటుంది. ఆ భరోసాయే నేటి బుల్లి విమానాలకూ వరం. నేలమీద పడితే ముక్కలయ్యే థర్మాకోల్, నీళ్లమీద పడితే చాలాసార్లు తడిసి బయటపడుతుంది.

మొదట తేలాలి

మీటరు పొడవు రెక్క, 20 సెంటీమీటర్ల వెడల్పు... మొదటి విమానానికి ఈ కొలత చాలు. బ్యాటరీతో సహా బరువు 700 గ్రాముల ప్రాంతంలో ఉండాలి. తేలడం లెక్క చిన్నప్పుడు బడిలో చదువుకున్నదే. 720 గ్రాముల విమానం తేలాలంటే 720 మిల్లీలీటర్ల నీటిని పక్కకు నెట్టాలి. పడవలాంటి అడుగుభాగం 12 సెంటీమీటర్ల వెడల్పు, 40 సెంటీమీటర్ల పొడవు ఉందనుకోండి. దాదాపు ఒకటిన్నర సెంటీమీటరు మునిగితే సరిపోతుంది. మిగతాదంతా పైనే!

పెళ్లి మండపాలకు అలంకరణలు కోసే వాళ్ల దగ్గర దొరికే థర్మాకోల్ పనికొస్తుంది. కానీ అందులో పూసకూ పూసకూ మధ్య సందుల్లోంచి నీళ్లు మెల్లగా లోపలికి దిగుతాయి. పూసలు కనిపించని గట్టి ఫోమ్ షీటు దొరికితే ఇంకా మేలు. రెండువైపులా కాగితం అంటించిన ఫోమ్ బోర్డయితే అడుగుభాగంలో కాగితం పీకేయాలి. అతుకులన్నీ ప్యాకింగ్ టేపుతో మూసేయాలి.

జిగురు దగ్గర చాలామంది దెబ్బతింటారు. క్షణంలో అతికించే జిగురు థర్మాకోల్‌ను కరిగించేస్తుంది. చెక్కపనికి వాడే మామూలు తెల్ల జిగురు నీళ్లకు మెత్తబడుతుంది. ఎపాక్సీ గానీ, తక్కువ వేడిమీద పనిచేసే గ్లూ గన్ గానీ వాడాలి. ఏదైనా ముందు ఓ వృథా ముక్కమీద వేసి చూసుకోవడం మంచిది.

అడుగున ఒక మెట్టు

కుళాయి సన్నగా తిప్పి, ఆ ధారకు గరిటె వీపు ఆనించి చూడండి. నీళ్లు గరిటెను తోసేయవు, తమలోకి లాక్కుంటాయి. నున్నటి వంపు అడుగున్న విమానాన్నీ చెరువు అలాగే పట్టుకుంటుంది. ఎంత వేగంగా పరిగెత్తినా వదలదు. 1912లో అమెరికాలో గ్లెన్ కర్టిస్‌కు ఎదురైన చిక్కు ఇదే. ఆయన పడవ విమానం నీళ్లను వదల్లేదు. చివరికి అడుగుభాగాన్ని మధ్యలో తెగ్గొట్టి మెట్టులా చేశాకే లేచింది. ఇప్పటికీ పడవ విమానాలన్నిటికీ అడుగున ఆ మెట్టు ఉంటుంది. మన బుల్లి విమానానికి సెంటీమీటరు లోతు మెట్టు చాలు. అది బరువు కేంద్రానికి ఒకటి రెండు సెంటీమీటర్లు వెనక రావాలి.

బరువు కేంద్రం ఎక్కడుండాలి? 20 సెంటీమీటర్ల రెక్క అయితే ముందు అంచు నుంచి 5-6 సెంటీమీటర్ల దగ్గర. రెక్కకింద అక్కడ రెండు చూపుడువేళ్లు పెట్టి ఎత్తితే విమానం తక్కెడ ముల్లులా సమంగా నిలవాలి. తోక బరువైతే బ్యాటరీని ముందుకు జరపాలి. తోకబరువు విమానం లేవగానే నిటారుగా పైకెళ్లి దబ్బున పడుతుంది.

మోటారు రెక్కకన్నా ఎత్తులో ఉండాలి. లేదంటే నీటి తుంపర్లు ప్రొపెల్లర్‌కు తగులుతాయి. దీంతో ఓ తిరకాసు ఉంది. మోటారు పైనుండటం వల్ల వేగం పెంచితే ముక్కు కిందికి వంగుతుంది, తగ్గిస్తే లేస్తుంది. కొత్తవాళ్లు కంగారుపడేది ఇక్కడే. మోటారు విమానం బరువుకు తగ్గకుండా లాగగలగాలి. నీళ్లను విడిపించుకోవడానికి నేలమీదకన్నా ఎక్కువ బలం కావాలి మరి. తోకనూ, రెక్కల చివరి పలకలనూ కదిలించే బుల్లి సర్వో మోటార్లు ఒక్కొక్కటి 9 గ్రాములే. వాటి మూతల అతుకులకు గ్రీజు పూస్తే నీళ్లు వెంటనే చొరబడవు.

బ్యాటరీ విషయంలో పెద్దవాళ్లు పక్కనుండాల్సిందే. మూడు సెల్స్ లిథియం పాలిమర్ బ్యాటరీ నిండుగా ఛార్జయితే 12.6 వోల్టులు. దానికి తగిన ఛార్జరే వాడాలి. ఛార్జింగ్ పెట్టి నిద్రపోవడం, బయటికెళ్లడం వద్దు. ఉబ్బినదాన్నీ, నీళ్లలో మునిగినదాన్నీ మళ్లీ వాడొద్దు.

తొట్టిలో మొదటి పరీక్ష

తయారవగానే చెరువుకు పరిగెత్తొద్దు. విమానాన్ని తూకం వేసి, ఇంట్లో నీళ్లతొట్టిలో అరగంట వదలండి. తీసి పైతడి తుడిచి మళ్లీ తూయండి. పది గ్రాములు పెరిగినా ఎక్కడో నీళ్లు దిగుతున్నట్టే. ఆరబెట్టి, అతుకులు సరిచేసి మళ్లీ తొట్టిలోకే!

తర్వాత రిమోట్ పరీక్ష. విమానాన్ని ఒకరు గట్టిగా పట్టుకోగా రిమోట్ ఆపేయాలి. మోటారు వెంటనే ఆగిపోవాలి. ఆగకపోతే ఆ విమానం ఎగరడానికి పనికిరాదు. ఈ రెండూ దాటాకే చెరువు. అక్కడ కూడా మొదటిరోజు ఎగరేయకూడదు. పడవలా మెల్లగా నడపాలి, మలుపులు తిప్పాలి, గాలికి ఎలా తూగుతోందో చూడాలి. రెండోరోజు వేగం పెంచితే ముక్కు ఎత్తి, మెట్టు మీదకెక్కి నీటిపై జారడం మొదలెడుతుంది. ఆ జారుడు తిన్నగా సాగితేనే మూడో అడుగు... గాలికి ఎదురుగా తిప్పి, పూర్తి వేగమిచ్చి, తోకపలక కాస్త ఎత్తడం. పొద్దున్నే గాలి తక్కువగా ఉంటుంది. అయితే అద్దంలాంటి నీళ్లకన్నా సన్నటి అలలున్న నీళ్లమీద విమానం తేలిగ్గా లేస్తుంది. అలలు నీటి పట్టును విడదీస్తాయి.

ఎక్కడ ఎగరేయాలి?

2021 డ్రోన్ నిబంధనల ప్రకారం సరదాకోసం, కంటిచూపు దాటకుండా ఎగరేసే ఇలాంటివీ లెక్కలోకే వస్తాయి. విమానాశ్రయం సరిహద్దు నుంచి 8 కిలోమీటర్ల లోపు అనుమతి లేకుండా ఎగరేయకూడదు. 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య 200 అడుగులు, ఆపైన ఆకుపచ్చగా గుర్తించిన ప్రాంతాల్లో 400 అడుగులు హద్దు. అంటే రేణిగుంట చుట్టుపక్కల చెరువులు చాలావరకు పక్కన పెట్టాల్సిందే. తిరుమల కొండమీద డ్రోన్లకు అనుమతి లేదు. శ్రీహరికోట పరిసరాలు, పులికాట్, నేలపట్టు పక్షుల కేంద్రాలు, తిరుపతికి తాగునీరిచ్చే కల్యాణి డ్యాం... వీటినీ తలపెట్టొద్దు. ఊరి చెరువయినా పంచాయతీకీ, చేపలు పట్టేవాళ్లకూ ఓ మాట చెప్పి వెళ్లడం మర్యాద.

కాలం కూడా చూసుకోవాలి. మన చెరువులు నిండేది ఈశాన్య రుతుపవనాలకు, అక్టోబరు-డిసెంబరు మధ్య. మొరవ పోతున్న చెరువు దగ్గరికి వెళ్లనే వద్దు. 2021 నవంబరులో రామచంద్రాపురం మండలం రాయలచెరువు కట్ట నుంచి నీళ్లు కారి, దిగువ ఊళ్లను ఖాళీ చేయించిన సంగతి ఈ ప్రాంతం మరచిపోలేదు. సంక్రాంతి దాటాక నీళ్లు కుదుటపడతాయి. అప్పుడే అనువైన సమయం.

పోతే పోనీ...

మోటారు ఆగి విమానం చెరువు నడుమ నిలిచిపోతుంది. ఇది ఎవరికైనా ఎప్పుడో ఒకప్పుడు తప్పదు. అసలు ప్రమాదం అప్పుడే మొదలవుతుంది. ‘పది అడుగులేగా’ అని పిల్లలు నీళ్లలోకి దిగుతారు. మట్టికోసం యంత్రాలతో తవ్విన గుంతలు నీళ్లకింద కనపడవు. మోకాలిలోతు అనుకున్నచోట రెండు నిలువుల లోతుంటుంది. అడుగున బురద కాళ్లను పట్టేస్తుంది. ఈతొచ్చినవాళ్లూ మునిగిపోయేది ఇలాంటి చోట్లే.

అందుకే బయల్దేరేముందే విమానాన్ని వెనక్కి తెచ్చే ఏర్పాటు ఉండాలి. గాలం దారానికి టెన్నిస్ బంతి కట్టి విమానం అవతలికి విసిరి, దారాన్ని దానికి తగిలించి మెల్లగా లాక్కోవచ్చు. అదీ కుదరకపోతే గట్టుమీద కూర్చుని ఎదురుచూడటమే. గాలి దాన్ని ఏదో ఒక ఒడ్డుకు చేరుస్తుంది. లేదంటే పుట్టిలో చేపలు పట్టేవాళ్ల సాయం అడగొచ్చు. పెద్దవాళ్లు తోడు లేనిదే పిల్లలు రిమోట్ పట్టుకుని చెరువుకు వెళ్లకూడదన్నది ఇంట్లో మొదటి నియమం కావాలి.

తేలడం, జారడం, ఎగరడం... ఈ వరస తప్పకపోతే పిల్లలకు దీనికి మించిన సైన్సు పాఠం లేదు. ఆర్కిమెడీస్ సూత్రం తొట్టిలో కనిపిస్తుంది, గాలి బలం రెక్కమీద తెలుస్తుంది. ఇక విమానమంటారా... పోతే కొన్ని వేలు పోతాయి, పది రోజుల్లో మరొకటి అతికించుకోవచ్చు. దానికోసం ఎవరూ నీళ్లలో కాలు పెట్టనక్కర్లేదు.