పాచికలో పుట్టే వీరుడు

మీరు వైకుంఠపాళి ఆడే ఉంటారు. పాచిక వేస్తారు, పడినన్ని గళ్ళు జరుపుతారు. నిచ్చెన దొరికితే ఎక్కుతారు, పాము కరిస్తే దిగుతారు. అందులో మీ తెలివికి పనేమీ లేదు. చదరంగంలోనో, అంతా తెలివే. పాచికకు తావు లేదు. ఈ రెండింటికీ నడుమ మరో రకం ఆట ఉంది. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుని మాటలతో ఒక సాహసకథను నడుపుతారు. ఒక పని జరిగిందా లేదా అన్నది తేలనప్పుడు పాచిక వేసి తేలుస్తారు. ఇంగ్లీషులో రోల్ ప్లేయింగ్ గేమ్ అంటారు. మనం పాత్రధారణ ఆట అనుకుందాం.

దీని పుట్టుక చిత్రమైనది. ప్రష్యా సైనికాధికారి రైస్విట్జ్ 1824లో పటం మీద ఆడే యుద్ధక్రీడకు నియమాలు ప్రకటించాడు. దెబ్బల ఫలితం పాచిక చెప్పేది. తీర్పు చెప్పడానికి మధ్యవర్తి ఉండేవాడు. సరిగ్గా 150 ఏళ్ళ తరువాత, 1974లో, అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే ఆటను వెలువరించారు. ఇందులో ఆటగాడికి సైన్యం లేదు. ఒకే ఒక మనిషి ఉంటాడు. మధ్యవర్తి కాస్తా కథ నడిపేవాడయ్యాడు.

ఆ మనిషిని తయారుచేయడమే మొదటి పని. బలం, చురుకు, దేహదారుఢ్యం, తెలివి, వివేకం, ఆకర్షణ అని ఆరు గుణాలు. పాత పద్ధతిలో ఒక్కొక్క గుణానికి మూడు మామూలు పాచికలు వేసి కూడుతారు. మొత్తం 3 నుంచి 18 దాకా రావచ్చు. మరి 18 ఎంత తరచుగా వస్తుంది?

మూడు పాచికలు 6×6×6, అంటే 216 విధాలుగా పడవచ్చు. 18 రావాలంటే మూడూ ఆరే పడాలి. దానికి ఒకే దారి. 10 రావడానికి 27 దారులున్నాయి, 11కి మరో 27. అంటే నాలుగింట ఒక వంతు 10 గానీ 11 గానీ వస్తుంది! మీ తరగతిలో అందరి ఎత్తులూ కొలిచి చూడండి. మధ్యరకం వాళ్ళు ఎక్కువ, మరీ పొడుగు, మరీ పొట్టి వాళ్ళు తక్కువ. మూడు పాచికలూ అలాంటి మనుషులనే పుట్టిస్తాయన్నమాట. వీరులు మరీ అరుదైపోతున్నారని, నాలుగు పాచికలు వేసి అన్నిటికంటే తక్కువదాన్ని వదిలేసే పద్ధతి తరువాత వచ్చింది. అప్పుడు 18 వచ్చే దారులు 1296లో 21. ఆ 21 ఎలా వచ్చిందో మీరే లెక్కవేయండి.

నన్నడిగితే పాత పద్ధతే మేలు. బలం 5 వచ్చిన పిల్ల తలుపు బద్దలుకొట్టలేదు. కాబట్టి తాళంచెవి ఎవరి దగ్గరుందో ఆలోచిస్తుంది. కథ అక్కడే మొదలవుతుంది. ఆరు అంకెలు వేశాక ‘ఇతనికి ఏం కావాలి? దేనికి భయపడతాడు?’ అని రెండు వాక్యాలు రాసుకోండి. అంతకుమించి చరిత్ర అక్కర్లేదు.

ఆటలో ప్రమాదం ఎదురైనప్పుడు వేసేది వేరే పాచిక. దానికి 20 ముఖాలు, అన్నీ సమబాహు త్రిభుజాలు. దీనిలో 20 ఎంత సులువో 10 కూడా అంతే. ప్రతి అంకెకూ నూటికి 5 వంతుల అవకాశం. ఇప్పటి నియమాల్లో గుణం 10 గానీ 11 గానీ ఉంటే పాచికకు ఏమీ కలపరు. అక్కడినుంచి రెండేసి పెరిగినకొద్దీ ఒకటి కలుపుతారు. ఇద్దరు స్నేహితులు లోయ మీద సన్నని దూలం దాటాలి. మొత్తం 15 రావాలి అనుకుందాం. చురుకు 10 ఉన్నవాడికి 15 నుంచి 20 దాకా ఆరు అంకెలు పనికొస్తాయి: నూటికి 30. చురుకు 16 ఉన్నవాడు 3 కలుపుకుంటాడు గనుక 12 పడినా చాలు: నూటికి 45. మొదటివాడు దాటి, రెండోవాడు జారిపోవడం అసాధ్యమేమీ కాదు. ఆట రుచి అందులోనే ఉంది.

కథ నడిపేవారికి ఒక మాట. రాజ్యాలు, వంశావళులు రాస్తూ కూర్చోకండి. ఒక ఊరు, ఒక గుహ, ఒక ఆపద చాలు. గుహలో ఏం కనిపించింది, ఏం వినిపించింది, ఏ వాసన వచ్చింది చెప్పి ‘ఇప్పుడేం చేస్తావు?’ అని ఆగండి. ఏం చేయాలో మీరు చెప్పకూడదు. ఓడిపోతే కథకు ఏ మార్పూ లేనిచోట పాచిక వేయించకండి.

ఇరవై ముఖాల పాచిక దొరకకపోతే? మా బడిలో పిల్లలు అట్టతో చేశారు. ఒక్కొక్క శీర్షం దగ్గర ఐదు త్రిభుజాలు కలిసేలా అతికించాలి. ఎదురెదురు ముఖాల మొత్తం 21 రావాలి. ఎనిమిదో తరగతి కుర్రవాడొకడు ఎంతో ఓపికగా చేసిన పాచిక అందరికీ నచ్చింది. కానీ అది అతని చేతిలో పదేపదే 20 పడసాగింది. ‘మోసం’ అన్నారు మిగతావాళ్ళు. అతను పాచిక నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. వారం రోజులు ఆటకు రాలేదు.

నిజం చెప్పాలంటే నాకూ అనుమానం కలిగింది. అడిగే బదులు, మోసమన్నవాళ్ళ చేతనే ఆ పాచికను 200 సార్లు వేయించి లెక్క రాయించాను. ఒక్కొక్క అంకె సుమారు 10 సార్లు పడాలి. కచ్చితంగా పదే పడదు. 7 గానీ 13 గానీ పడితే అనుమానించనక్కర్లేదు. ఇక్కడ 20 పడింది 24 సార్లు, 1 పడింది 3 సార్లే. వేసింది అతను కాదు కదా! పాచికను విప్పి చూశాం. చివరగా మూసిన ముఖం 1. అది ఊడకుండా లోపల ఇంకో అట్టముక్క పెట్టి దండిగా మైదా జిగురు పూశాడు. బరువైన వైపు కిందికి పోతుంది, దాని ఎదుటి ముఖం పైకి వస్తుంది. పనిలోని శ్రద్ధే అతన్ని దోషిని చేసింది. లెక్క రాసిన ఇద్దరూ ఆ కాగితం పట్టుకుని సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళారు.

ఇప్పుడు మావాళ్ళు 1 నుంచి 20 దాకా చీటీలు రాసి చెంబులో వేసి తీస్తున్నారు. తీసిన చీటీని మళ్ళీ చెంబులో వేసి కలపాలి సుమా! లేకపోతే రెండోసారి 19 చీటీలే మిగిలి లెక్క మారిపోతుంది. ఆ విషయంలో అందరికంటే కఠినంగా ఉండేది ఆ కుర్రవాడే. పాత పాచికను మళ్ళీ అతికించి నా బల్ల మీదే ఉంచాను. ఊడ్చేటప్పుడు ఎవరి చెయ్యైనా తగిలి దొర్లితే, చాలాసార్లు 20 పైకి చూపిస్తూ ఆగుతుంది.