తనంతట తానే తూటా నింపుకునే పాత రైఫిల్

ఎన్.సి.సి. క్యాంపులో ఫైరింగ్ అయ్యాక ఖాళీ ఖోఖాలు ఏరి, లెక్కపెట్టి అప్పగించడం మా హాస్టల్ కేడెట్లకు తెలిసిన పనే. ఒక్కటి తగ్గినా గడ్డిలో వెతుకులాట తప్పదు. అలా వెతికేటప్పుడే మేము ఒక విషయం గమనించాం. ఫైరింగ్ పిన్ కొట్టిన నొక్కు ఖోఖా అడుగున మధ్యలో లేదు, అంచు మీద ఉంది. పాయింట్ టూ టూ తూటాలో నిప్పు రాజేసే మందు ఆ అంచు మడతలోనే ఉంటుంది. అందుకే దీన్ని రిమ్‌ఫైర్ అంటారు.

మేము కాల్చినది బోల్ట్ యాక్షన్ రైఫిల్. ప్రతి గుండుకూ బోల్ట్‌ను చేత్తో వెనక్కి లాగి ముందుకు తోయాలి. ఈ పని రైఫిలే చేసుకునే ఏర్పాటుతో అమెరికాలోని విన్‌చెస్టర్ కంపెనీ 1903లో ఒక రిమ్‌ఫైర్ రైఫిల్ తయారు చేసింది. పేరు మోడల్ 1903. రూపకర్త థామస్ క్రాస్లీ జాన్సన్. ఆ దేశంలో అమ్మకానికి వచ్చిన మొదటి సెమీ ఆటోమేటిక్ రిమ్‌ఫైర్ రైఫిల్ ఇదే. సెమీ ఆటోమేటిక్ అంటే ట్రిగ్గర్ నొక్కిపడితే వరుసగా పేలుతూనే ఉంటుందని మాలో కొందరు అనుకున్నారు. అది పొరపాటు. ట్రిగ్గర్ ఒకసారి నొక్కితే ఒక్క గుండే. మళ్లీ నింపుకోవడం మాత్రం దాని పని.

ఇది పనిచేసే తీరు తేలికైనదే. తూటా పేలినప్పుడు వాయువు గుండును ముందుకు తోస్తుంది, ఖోఖాను వెనక్కి తోస్తుంది. బోల్ట్‌కు గడియ లేదు. దాని బరువు, వెనుకనున్న స్ప్రింగే అడ్డు. గుండు తేలిక కాబట్టి ముందే గొట్టం దాటిపోతుంది. బరువైన బోల్ట్ నిదానంగా వెనక్కి జరిగి ఖోఖాను బయటపడేస్తుంది. స్ప్రింగ్ దాన్ని మళ్లీ ముందుకు తోసేటప్పుడు కొత్త తూటా లోపలికి వెళ్తుంది. పది తూటాలు పట్టే గొట్టం బట్‌లో దాగి ఉంటుంది. మొదటి తూటాకు మాత్రం గొట్టం కింద ముందుకు పొడుచుకొచ్చిన కడ్డీని అరచేత్తో లోపలికి నొక్కాలి.

అసలు చిక్కు తూటాతో వచ్చింది. పుల్‌త్రూకు చిందీ కట్టి లాగితే వచ్చే మసి మనకు తెలుసు. ఆ రోజుల్లో చాలా పాయింట్ టూ టూ తూటాల్లో నల్ల తుపాకిమందే వాడేవారు. దాని మసి అంతకు ఎన్నో రెట్లు. బోల్ట్ యాక్షన్‌లో మసి పట్టేస్తే చేత్తో గట్టిగా లాగుతాం. తనంతట తాను కదిలే బోల్ట్‌కు ఆ చెయ్యి లేదు, ఇరుక్కుపోతుంది. అందుకని విన్‌చెస్టర్ వారు పొగరాని మందుతో, కొంచెం లావుగా, ఈ రైఫిల్ కోసమే వేరే తూటా చేశారు. మామూలు తూటా ఇందులో సరిగా కుదరదు. మా దృష్టిలో ఇది జాన్సన్ యంత్రమంత తెలివైన పని.

ఇది ఎంత నమ్మకంగా పనిచేసేదో 1907లో తెలిసింది. టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోలో యాడ్ టాపర్‌వైన్ అనే గురికాడు గాలిలోకి విసిరిన 72,500 చెక్కముక్కలను ఈ మోడల్ రైఫిళ్లతోనే కొట్టడానికి పూనుకున్నాడు. తప్పినవి 9.

తరువాత పొగరాని మందు మామూలు తూటాలకూ వచ్చేసింది. ప్రత్యేక తూటాతో అవసరం తీరిపోయింది. సుమారు 1,26,000 రైఫిళ్లు చేశాక 1932లో ఈ మోడల్‌ను ఆపేశారు. 1933లో అదే యంత్రాన్ని మామూలు లాంగ్ రైఫిల్ తూటాకు సరిపడేలా మార్చి మోడల్ 63 పేరుతో తెచ్చారు. అది 1958 దాకా నడిచింది. పాత 1903 రైఫిళ్లు ఇంకా కొందరి దగ్గర చెక్కుచెదరకుండా ఉన్నాయి. వాటికి సరిపడే తూటాలు దొరకడమే అరుదు.