3.4 లోపాల నమోదును కొత్త వేదికకు మార్చడం

2024లో పోర్ట్ బ్లెయిర్ పేరు శ్రీ విజయపురంగా మారింది. మిన్నీ బేలో నివసించేవారి పాత కాగితాల మీద పాత పేరే ఉంటుంది. రెండూ ఒకే ఊరని తెలిస్తేనే ఆ కాగితాలు పనికివస్తాయి. లోపాల నమోదును మార్చేటప్పుడు కూడా ఇటువంటి సమస్యే ఎదురవుతుంది.

ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లో లోపం కనిపిస్తే ఎవరైనా తెలియజేయవచ్చు. ప్రతి లోపానికి ఒక సంఖ్య ఇచ్చి, దాని కింద చర్చను, పరిష్కారాన్ని భద్రపరుస్తారు.

ఉదాహరణ : పైథాన్ లోపాల నమోదు 2022 ఏప్రిల్‌లో రౌండప్ నుంచి గిట్‌హబ్‌కు మారింది. పైథాన్ మూలకోడ్ 2017లోనే అక్కడికి చేరింది. గిట్‌హబ్‌లో కోడ్ మార్పుల ప్రతిపాదనలకు, లోపాలకు ఒకే వరుసలో సంఖ్యలు పడతాయి. ప్రతిపాదనలు అప్పటికే చాలా సంఖ్యలను వాడుకున్నాయి. అందువల్ల పాత లోపాలకు కొత్త సంఖ్యలు ఇవ్వవలసి వచ్చింది.

అయితే మూలకోడ్‌లోని వ్యాఖ్యలలో పాత సంఖ్యలే ఉన్నాయి. ఒక వరుసను ఎందుకు రాశారో ఆ సంఖ్య ద్వారానే తెలుస్తుంది. కారణం తెలియక దానిని తీసివేస్తే పాత లోపం తిరిగి రావచ్చు. అందుకే రెండు ఏర్పాట్లు చేశారు :

1. కొత్త పుటలో పాత సంఖ్యను కూడా చూపారు.
2. పాత పుట నుంచి కొత్త పుటకు దారి కల్పించారు.

గుర్తుంచుకోండి : సమాచారాన్ని తరలిస్తే చాలదు. దానిని చేరే పాత దారులు కూడా నిలవాలి.

పాఠ్యగత ప్రశ్న : పాత సంఖ్యలను గిట్‌హబ్‌లో అలాగే ఎందుకు ఉంచలేకపోయారు?